అరవై దారులు, ఒక సంఘం

వారాణసి దగ్గరి ఇసిపతనంలో, ఇప్పుడు సారనాథ్ అంటున్న చోట, బుద్ధుడి చుట్టూ అరవై మంది భిక్షువులు చేరారు. మొదట కొండన్న మొదలైన అయిదుగురు. తర్వాత ఆ నగరంలోని శ్రేష్ఠి కొడుకు యశుడు, అతని నలుగురు స్నేహితులు, వాళ్ల వెనకే వచ్చిన మరో యాభై మంది యువకులు. వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంకెవరైనా అయితే వాళ్లను కొన్నేళ్లు దగ్గరుంచుకుని, నేర్పించి, పరీక్షించి అప్పుడు బయటికి పంపేవారు. బుద్ధుడు వెంటనే పంపేశాడు. ఒకే దారిన ఇద్దరు వెళ్లవద్దని ప్రత్యేకంగా చెప్పాడు. తాను ఒంటరిగా ఉరువేల వైపు నడిచాడు.

ఆ అరవై మందీ అప్పటికే అర్హంతులు, అంటే దుఃఖమూలాన్ని తెంచుకున్నవాళ్లు అని భిక్షు నియమాల గ్రంథమైన వినయ పిటకం చెబుతుంది. అది నిజమైతే వాళ్లను నమ్మడంలో ప్రమాదం లేదు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చినవాళ్లతో మొదలైంది. ఒక పెద్ద పనికి మనుషులు త్వరగా కావాలి. అలా త్వరత్వరగా వచ్చి చేరిన మనుషుల చేతుల్లో ఆ పని స్వరూపం నిలుస్తుందా? భవనాలు కట్టేవాళ్లూ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లూ దీన్ని గడువుకూ ఖర్చుకూ సంబంధించిన ప్రశ్నగా చూస్తారు. ఆ పిటకంలోని మహావగ్గ మొదటి ఖండం దీన్ని ధర్మానికి సంబంధించిన ప్రశ్నగా చూసింది. తన సంఘం ఎక్కడెక్కడ తడబడిందో, ఏ నియమం పెట్టి మళ్లీ ఎందుకు మార్చుకోవలసి వచ్చిందో దాచకుండా చెప్పిన మతగ్రంథం అలాంటిది మరొకటి దొరకడం కష్టం.

మొదటి అడ్డంకి చాలా మామూలుది. దూరం. నలుదిక్కులకూ వెళ్లిన భిక్షువులు దీక్ష కోరిన వాళ్లను వెంటబెట్టుకుని బుద్ధుడి దగ్గరికి తిరిగి వచ్చేవారు. దీక్ష ఇవ్వగలిగింది ఆయన ఒక్కడే మరి. ఆ నడకతో తెచ్చినవాళ్లూ వచ్చినవాళ్లూ అలసిపోతున్నారని ఆయన గమనించాడు. ఎక్కడివాళ్లకు అక్కడే, మీరే దీక్ష ఇవ్వండి అన్నాడు. తలా గడ్డమూ గొరిగించుకుని, కాషాయం కట్టి, చేతులు జోడించి మూడు శరణాలు మూడుసార్లు పలికితే చాలు. ఉద్యమం పుట్టి ఏడాదైనా తిరగకముందే, తనకు మాత్రమే ఉన్న అధికారాన్ని ఆయన నిన్నమొన్న వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టాడు.

ఆ రోజుల్లో సంఘం ఎంత వేగంగా పెరిగిందో చూడండి. ఉరువేలలో అగ్నిని కొలిచే జటాధారులు ముగ్గురు అన్నదమ్ములు, కాశ్యపులు. పెద్దవాడి వెంట అయిదు వందల మంది, రెండోవాడి వెంట మూడు వందలు, చిన్నవాడి వెంట రెండు వందలు. గురువులతో సహా అందరూ ఒకరి వెనక ఒకరుగా వచ్చి చేరారు. తర్వాత రాజగృహంలో సంజయుడనే పరివ్రాజకుడి శిష్యులు రెండు వందల యాభై మంది శారిపుత్ర మౌద్గల్యాయనుల వెంట వచ్చారు. శారిపుత్రుణ్ణి కదిలించిన అశ్వజిత్తు తొలి అయిదుగురిలో ఒకడైనా, నేను కొత్తవాణ్ని, ధర్మాన్ని విస్తారంగా చెప్పలేను, సారం మాత్రం చెప్పగలను అన్నాడట. సంఘంలోకెల్లా ప్రజ్ఞావంతుడిగా పేరు పొందబోయే మనిషిని తెచ్చింది, తనకు తెలిసింది ఎంతో తెలిసిన ఒక కొత్త భిక్షువు.

మగధలో జనం గగ్గోలు పెట్టారు. ఈ గౌతముడు తల్లిదండ్రులకు కొడుకులు లేకుండా చేస్తున్నాడు, ఆడవాళ్లను విధవలను చేస్తున్నాడు, వంశాలు తెగిపోతున్నాయి అని. ఈ గోల ఏడు రోజులకు మించి ఉండదని బుద్ధుడు భిక్షువులకు ధైర్యం చెప్పాడు. గోల అణిగింది. కాని బయటి గోల అణిగాక లోపలిది వినబడింది.

కొత్త భిక్షువులకు చీవరం సరిగా కట్టుకోవడం రాదు. ఊళ్లో ఎవరైనా భోజనం చేస్తుంటే వాళ్ల కంచం మీదికి భిక్షాపాత్ర చాస్తున్నారు. అన్నమూ కూరా అడిగి మరీ పెట్టించుకుని తింటున్నారు. భోజనశాలలో ఒకటే అరుపులు. బుద్ధుడు పంపినవాళ్లు గ్రహించిన ధర్మం వీళ్ల దగ్గర లేదు. వీళ్లకు నేర్పేవాళ్లూ లేరు. మూడు శరణాలు పలకడానికి నిమిషం పడుతుంది. పలికినవాడు రేపు పొద్దున ఏం చేయాలో ఆ శరణాల్లో లేదు.

అప్పుడు వచ్చింది ఉపాధ్యాయ వ్యవస్థ. ఇక్కడ ఒకరు నేర్పడం, ఒకరు వినడంతో సంబంధం ముగియదు. ఉపాధ్యాయుడు శిష్యుణ్ణి కొడుకులా చూడాలి, శిష్యుడు ఆయన్ను తండ్రిలా చూడాలి. తెల్లవారుతూనే శిష్యుడు పందుంపుల్లా మొహం కడుక్కునే నీళ్లూ అందించాలి, ఆసనం వేయాలి, జావ ఉంటే గిన్నె కడిగి పోయాలి, గది ఊడవాలి. ఇంతవరకూ మన గురుకులాల కథలాగే ఉంటుంది. ఇక్కడి నుంచి వేరవుతుంది. ఉపాధ్యాయుడి మనసులో విసుగు పుడితే దాన్ని తీర్చాల్సింది శిష్యుడు. ఆయనకు సందేహం వస్తే పోగొట్టే ప్రయత్నం చేయాలి, ఆయన తప్పుడు దృష్టిలో పడితే వాదించి బయటికి లాగాలి. శిష్యుడికి జబ్బు చేస్తే ఉపాధ్యాయుడే పందుంపుల్ల అందించాలి, జావ పోయాలి, కోలుకునేదాకా మంచం పక్కన ఉండాలి. పెద్దవాడు చిన్నవాడికి చేసే సేవను కూడా అంత వివరంగా రాసిపెట్టిన నియమావళి ప్రాచీన ప్రపంచంలో అరుదు. గుంపుగా వచ్చిన జనాన్ని గుంపుగా తీర్చిదిద్దడం కుదరదని సంఘం అప్పటికి గ్రహించింది. ఒక్కొక్కరినీ మరొక్కరికి అప్పగించింది.

మూడు శరణాల దీక్ష కూడా పోయింది. రాధుడనే పేద బ్రాహ్మణుడికి ఎవరూ దీక్ష ఇవ్వక, అతను చిక్కి శల్యమైపోయాడు. ఇతను చేసిన మేలు ఎవరికైనా గుర్తుందా అని బుద్ధుడు అడిగితే, ఒకసారి నాకు గరిటెడు అన్నం పెట్టాడని శారిపుత్రుడు చెప్పాడు. ఆ సందర్భంలోనే కొత్త పద్ధతి వచ్చింది. సంఘం ముందు ఒకసారి ప్రతిపాదన చదవాలి, మూడుసార్లు ప్రకటించాలి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఉపసంపద, అంటే పూర్తి దీక్ష, అయినట్టు. ఆ తర్వాత కనీసం పది మంది భిక్షువులు ఉండాలన్నారు. చేర్చుకోవడం ఒక మనిషి ఇష్టం కాకుండా పోయింది. చేరినవాడు ఒక్కరికి కాక సంఘానికి బాధ్యుడయ్యాడు, సంఘం అతని బాధ్యత తీసుకుంది.

అయినా తొందర ఆగలేదు. దీక్ష తీసుకుని ఏడాదే అయిన ఉపసేనుడు మరొకరికి దీక్ష ఇచ్చేశాడు. వర్షావాసం తర్వాత ఇద్దరూ కలిసి బుద్ధుడి దర్శనానికి వచ్చారు. శిష్యుడికి ఒక వర్షం, అంటే దీక్షలో ఒక ఏడాది, గురువుకి రెండు. ఇంకొకరి చేత చెప్పించుకోవలసిన నువ్వు ఇంకొకరికి చెప్పబోయావా అని బుద్ధుడు మందలించాడు. పదేళ్ల నిబంధన అలా వచ్చింది: పది వర్షాలు నిండనివాడు ఉపాధ్యాయుడు కాకూడదు. కొద్దికాలానికి, పదేళ్లు నిండినా ఏమీ తెలియనివాళ్లు ఉపాధ్యాయులయ్యారు. గురువు కంటే శిష్యుడికే ఎక్కువ తెలిసిన వింత కూడా కనబడింది. నిబంధన మళ్లీ మారింది. పదేళ్లూ కావాలి, సమర్థతా కావాలి. ఏళ్లు లెక్కపెట్టడం సులువు. సమర్థతను గుర్తించడానికి పక్కన బతికిన మనుషులు కావాలి. ఉపాధ్యాయుణ్ణి ఆశ్రయించి ఉండవలసిన కాలాన్నీ ఇలాగే సవరించారు. అందరికీ పదేళ్లుగా ఉన్నదాన్ని చురుకైనవాడికి అయిదేళ్లకు తగ్గించారు. నేర్చుకోలేనివాడికి ఎప్పటికీ విడుదల లేదు.

ఎవరిని చేర్చుకోకూడదన్న నియమాల వెనక ఉన్న కథలు ఇంకా కళ్లకు కట్టినట్టుంటాయి. రాజగృహంలో పదిహేడు మంది పిల్లల జట్టులో ఒకడి తల్లిదండ్రులు ఆలోచించారట: మా వాడు రాత నేర్చుకుంటే వేళ్లు నొప్పి పుడతాయి, లెక్కలు నేర్చుకుంటే గుండె అలుపు, నాణేలు చూసే పని చేస్తే కళ్లు పోతాయి, భిక్షువులైతే హాయిగా తిని గాలి తగలని చోట పడుకుంటారు. పిల్లలు చేరారు. తెల్లవారుజామున లేచి జావ కావాలని ఏడ్చారు. ఇరవై ఏళ్లు నిండనివాళ్లకు ఉపసంపద ఇవ్వకూడదన్న నియమం ఆ ఏడుపులోంచి వచ్చింది. మగధలో రోగాలు ప్రబలినప్పుడు, సంఘానికి వైద్యం చేసే జీవకుడి ఉచిత వైద్యం కోసం రోగులు చేరి, నయం కాగానే వెళ్లిపోయారు. దానికొక నియమం. మంచి భోజనాలు వరుసగా దొరుకుతున్నాయని ఒకడు చేరి, భోజనాలు ఆగాక భిక్షకు వెళ్లనన్నాడు. దానికొకటి.

కొన్ని నియమాలు మాత్రం చదవడానికి కష్టంగా ఉంటాయి. బింబిసారుడి సైనికులు సరిహద్దు యుద్ధానికి వెళ్లడం పాపమని భిక్షువులయ్యారు. రాజు వచ్చి అడిగాక, రాజసేవలో ఉన్నవాళ్లకు దీక్ష ఇవ్వకూడదన్నారు. అప్పున్నవాళ్లకు ఇవ్వకూడదు. బానిసకు ఇవ్వకూడదు. పుట్టుకను లెక్కచేయని సంఘం యజమాని హక్కును లెక్కచేసింది. రాజులూ శ్రేష్ఠులూ పెట్టే అన్నం మీద ఆధారపడిన సంస్థ పెరుగుతూ పోవాలంటే ఇంకెలా చేయగలదని సమర్థించేవాళ్లున్నారు. ఆ సమర్థన చరిత్రను వివరిస్తుంది కాని, పారిపోయి వచ్చి ఆ వాకిట నిలబడిన బానిసకు జవాబివ్వదు. సంఘం పెరుగుదలకు ఎవరో మూల్యం చెల్లించారు. ఆ లెక్క కూడా చెప్పుకోవాలి.

ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ పనిని ఐబీఎంలో నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్, 1975లో తన పుస్తకం ది మిథికల్ మ్యాన్-మంత్‌లో ఒక వాదన చేశాడు. వెనకబడిన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని అదనంగా చేరిస్తే అది మరింత వెనకబడుతుంది. పాతవాళ్లు పని ఆపి కొత్తవాళ్లకు నేర్పాలి. పైగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటలు మనుషుల సంఖ్య కంటే ఎంతో వేగంగా పెరుగుతాయి. పది మంది ఉంటే 45 జంటలు, అరవై మంది ఉంటే 1,770, వెయ్యి మంది ఉంటే 4,99,500. హైదరాబాద్ ఐటీ కార్యాలయాల్లో ఈ బాధ అనుభవించనివాళ్లు తక్కువ. కాశ్యపుల జటాధారులు చేరిన రోజున బౌద్ధసంఘం సరిగ్గా ఈ లెక్క ముందు నిలబడింది.

సంఘం కనుక్కున్న మార్గం సీమ. కొండనో, చెట్టునో, ఏటినో, పుట్టనో గుర్తులుగా పెట్టుకుని ఒక హద్దు నిర్ణయిస్తారు. మూడు యోజనాలకు మించకూడదు. ఆ హద్దులో ఉన్న భిక్షువులందరూ కలిస్తే అదే సంఘం, సర్వాధికారాలతో. పైన ఎవరి అనుమతీ అక్కర్లేదు. పక్షానికోసారి, ఉపోసథం రోజున, అందరూ ఒకచోట కూర్చుని ప్రాతిమోక్షం, అంటే నియమాల పాఠం, వింటారు. ఎవరైనా రాలేకపోతే కబురైనా పంపాలి. నేను శుద్ధుణ్నే కదా, వెళ్లకపోతే ఏమని మహాకప్పినుడనే భిక్షువుకు అనిపించినప్పుడు, నీలాంటివాళ్లే ఉపోసథాన్ని గౌరవించకపోతే ఇంకెవరు గౌరవిస్తారని బుద్ధుడు అతణ్ని పంపాడు. దేశమంతటా అవే నియమాలు, ఏ సీమలో నిర్ణయం ఆ సీమది.

పని పంపకంలోనూ నేర్పు కనబడుతుంది. రాజగృహంలో బసలు కేటాయించే బాధ్యత దబ్బ మల్లపుత్తుడనే భిక్షువు అడిగి తీసుకున్నాడు. సూత్రాలు వల్లించేవాళ్లను ఒకచోట పెట్టాడు, వాళ్లు కలిసి వల్లించుకుంటారని. వినయం తెలిసినవాళ్లను ఒకచోట, ధర్మోపదేశకులను ఒకచోట. ధ్యానం చేసేవాళ్లనూ ఒకచోటే ఉంచాడు, ఒకరివల్ల ఒకరికి భంగం కలగకూడదని. కబుర్లతో కాలక్షేపం చేసేవాళ్లను కూడా ఒకచోటే పెట్టాడు, వాళ్లకూ సుఖంగా ఉంటుందని!

భిక్షుణీ సంఘం వేగానికే నేరుగా పగ్గం వేసింది. దీక్ష ఇచ్చే భిక్షుణికి పన్నెండు వర్షాలు నిండాలి. ప్రతి ఏడాదీ దీక్ష ఇవ్వకూడదు, ఒకే ఏడాదిలో ఇద్దరికి ఇవ్వకూడదు. బసలు చాలక ఇబ్బంది పడ్డారు కనుక ఆ నియమం వచ్చిందని గ్రంథం చెబుతుంది. భిక్షువులకు లేని ఈ కట్టుబాటులో స్త్రీల మీద అదనపు అదుపు ఉందని కొందరు అంటారు. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు.

మరోపక్క, నియమం ఎక్కడ పెరుగుదలను అన్యాయంగా ఆపిందో అక్కడ సడలించారు. అవంతిలో సోణుడనే యువకుడు మహాకాత్యాయనుడి దగ్గర దీక్ష కోరాడు. ఆ దేశంలో పది మంది భిక్షువులు సమకూరడానికి మూడేళ్లు పట్టింది. దీక్ష అయ్యాక సోణుడు తన గురువు విన్నపాన్ని మోసుకుని బుద్ధుడి దగ్గరికి వెళ్లాడు. సరిహద్దు దేశాల్లో అయిదుగురు చాలు, వాళ్లలో ఒకడికి వినయం క్షుణ్ణంగా తెలిసి ఉంటే చాలు అని మినహాయింపు వచ్చింది. నేల గరుకుగా ఉంటుంది కనుక అక్కడివాళ్లు దళసరి చెప్పులు కూడా వేసుకోవచ్చన్నారు. మధ్యదేశంలో పుట్టిన నియమాన్ని అవంతి మీద యథాతథంగా రుద్దలేదు.

ఇంత చేసినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. దాన్ని భద్దాలి అనే భిక్షువు బుద్ధుణ్ణే అడిగాడు. వెనక నియమాలు తక్కువగా ఉండి, జ్ఞానంలో స్థిరపడినవాళ్లు ఎక్కువగా ఉండేవాళ్లు. ఇప్పుడు నియమాలు ఎక్కువై, అలాంటివాళ్లు తక్కువయ్యారు. ఎందుకని? బుద్ధుడు ఆ మాట కాదనలేదు. సంఘం పెద్దదై, లాభం పెరిగి, కీర్తి పెరిగి, పాండిత్యం పెరిగి, పాతబడినప్పుడు లోపలికి మలినాలు వస్తాయని, అవి కనబడ్డాకే నియమాలు పుడతాయని చెప్పాడు. అంతకుముందు వేరంజలో శారిపుత్రుడు ముందుగానే నియమాలు పెట్టమంటే ఆగమన్నదీ ఇందుకే. తప్పు జరగకముందే నియమాలు పేర్చడానికి ఆయన ఒప్పుకోలేదు. తప్పు జరిగాక చూడనట్టు ఊరుకోనూ లేదు.

ఈ జవాబులోని నిజాయితీకి చాలా విలువుంది. పెరుగుదల వల్ల నష్టం లేదని ఏ సంస్థాపకుడైనా చెప్పుకుంటాడు. నష్టం ఉంది. కౌశాంబిలో పాయిఖానాలో నీళ్ల చెంబు దగ్గర మొదలైన తగాదా సంఘాన్ని రెండుగా చీల్చింది. బుద్ధుడే వచ్చి చెప్పినా వినలేదు. ఆయన ఏనుగులు తిరిగే పారిలేయ్యక వనానికి వెళ్లిపోయాడు. భిక్షువుల్ని దారికి తెచ్చింది కౌశాంబి గృహస్థులు, అన్నం పెట్టడం మానేసి. దేవదత్తుడనే భిక్షువు సంఘాన్ని చీల్చినప్పుడు అతని వెంట గయాశీర్షానికి వెళ్లినవాళ్లు కూడా పాతకాపులు కాదు. వైశాలి నుంచి కొత్తగా వచ్చిన అయిదు వందల మంది. ధర్మం ఒంటపట్టకముందే వాళ్లకు ఎన్నిక చేసుకునే అవసరం వచ్చిపడింది. శారిపుత్ర మౌద్గల్యాయనులు వెళ్లి మాట్లాడి వెనక్కి తెచ్చారు. గురువుకి దగ్గరగా ఉండి నేర్చుకునే ఆ అయిదేళ్లు ఎందుకో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

ఆ దేవదత్తుడే అంతకుముందు, మీరు ముసలివారయ్యారు, సంఘాన్ని నాకు అప్పగించండి అని అడిగాడు. శారిపుత్ర మౌద్గల్యాయనులకే అప్పగించని సంఘాన్ని నీకెలా ఇస్తానన్నాడు బుద్ధుడు. చివరిదాకా ఎవరికీ ఇవ్వలేదు. నా తర్వాత ధర్మమూ వినయమే మీ గురువని ఆనందుడికి చెప్పాడు. కావాలంటే చిన్నచిన్న నియమాలు తీసేసుకోవచ్చని కూడా అన్నాడు. ఆయన పోయాక రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, ఏవి చిన్నవో తేల్చుకోలేక, పెద్దలు అన్నింటినీ ఉంచేశారు. అప్పటిదాకా అనుభవాన్ని బట్టి మారుతూ వచ్చిన నియమావళి ఆ రోజున గడ్డకట్టింది. వాళ్ల భయం అర్థమవుతుంది. కాని సోణుడి విన్నపం విని నియమాన్ని సడలించిన మనిషి స్ఫూర్తి ఆ నిర్ణయంలో లేదు.

అయినా సంఘం నడిచింది, ఎంతో దూరం. కృష్ణాతీరంలో నాగార్జునకొండ శాసనాలు క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆ నడకను చూపిస్తాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం, కాశ్మీర, గాంధార, చీన, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, తామ్రపర్ణి వంటి దేశాల్లో ధర్మాన్ని వ్యాపింపజేసిన స్థవిరులను తలుచుకుంటుంది. అదే శాసనం చివర, ఆ నిర్మాణాన్ని పర్యవేక్షించిన ముగ్గురు నవకర్మికుల పేర్లున్నాయి: చందముఖ, ధమ్మనంది, నాగ స్థవిరులు. రాయి చెక్కిన విధికుడి పేరూ ఉంది. కొత్త కట్టడాల బాధ్యత చూసే భిక్షువును నవకర్మికుడిగా నియమించే పద్ధతి వినయ పిటకంలోనిదే. ఉత్తరాన పుట్టిన ఆ పదవి ఇన్ని శతాబ్దాల తర్వాత, అప్పట్లో శ్రీపర్వతం అన్న ఈ కొండ మీద పని చేస్తూనే ఉంది. ఆ లోయలోనే వేర్వేరు శాఖలకు వేర్వేరు విహారాలుండేవి. ఒకే సంఘం అన్న మాట అప్పటికి ఎంత సాగిందో ఆ విహారాలు కూడా చెబుతాయి.

ఈ కథలో అంబేడ్కర్ వేసిన ప్రశ్న అన్నిటికంటే పదునైనది. సంఘంలో చేరడానికి దీక్ష ఉంది, ధర్మంలో చేరే గృహస్థుకు ప్రత్యేకమైన దీక్ష లేదు, ఇది పెద్ద లోపమని, భారతదేశంలో బౌద్ధం క్షీణించడానికి ఇదొక కారణమని ఆయన ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మలో వాదించాడు. భిక్షువు పరిపూర్ణ మానవుడు కావడానికా, సమాజ సేవకుడు కావడానికా అన్న ప్రశ్నను ఆ పుస్తకం ఆరంభంలోనే పెట్టాడు. పదేళ్ల నిబంధనలూ పది మంది సమక్షమూ అన్నీ కొద్దిమంది చుట్టూ కట్టిన కంచె. అన్నం పెట్టిన లక్షల మంది దాని బయటే ఉండిపోయారు. విహారాలు కూలినప్పుడు ధర్మాన్ని ఎత్తుకుని నడవడానికి ఆ లక్షల మందిలో ఎవరికీ శిక్షణ లేదు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో కుశీనగరానికి చెందిన భిక్షువు చంద్రమణి దగ్గర ఆయన త్రిశరణాలూ పంచశీలమూ స్వీకరించాడు. ఆ వెంటనే, తాను భిక్షువు కాకపోయినా, లక్షలాది మంది చేత అవే పలికించాడు, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించాడు. 1951 జనగణనలో దేశంలో బౌద్ధులు రెండు లక్షల లోపు, 1961లో ముప్పై రెండు లక్షలకు పైగా. కాశ్యపుల వెయ్యి మంది దీనిముందు ఎంత! కాని దీక్ష జరిగిన 53 రోజులకు, డిసెంబరు 6న, అంబేడ్కర్ కన్నుమూశాడు. ఉపాధ్యాయుడి పక్కన గడపవలసిన అయిదేళ్లు వాళ్లలో ఎవరికీ దొరకలేదు. ఆయన రాసిన పుస్తకం 1957లో అచ్చయి వచ్చింది. బస్తీల్లో కట్టుకున్న చిన్న విహారాల్లో గుమాస్తాలూ మిల్లు కార్మికులూ బడిపంతుళ్లూ దాన్ని పైకి చదివి, తమకంటే తక్కువ చదువుకున్నవాళ్లకు వివరించారు. భిక్షువులు లేని చోట పెళ్లీ చావూ బౌద్ధ పద్ధతిలో వాళ్లే జరిపించారు, పదేళ్లు నిండాయా లేదా అని ఎవరూ అడగకుండానే.